చూసే కన్ను, తొక్కే కాలు

ఎవరూ చూడని పనిని ఎంత బాగా చెయ్యాలి?

ప్రశ్న పాతదే. మన పెద్దవాళ్ళు దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేశారు: దేవుడు చూస్తూ ఉంటాడు. మా ఆఫీసుల్లో కూడా ఒక జవాబుంది: ఆడిటరు చూస్తాడు. దేవుడి మీద నమ్మకం సడలినవాళ్ళకీ, ఆడిటర్ని మాటల్లో పెట్టడం తెలిసినవాళ్ళకీ ఈ రెండు జవాబులూ ఆనవు. పైగా రెండింటిలోనూ ఒకటే కిటుకుంది. "ఎవరూ చూడరు" అన్న మాటని రెండూ ఒప్పుకోవు. ఎవరో ఒకర్ని తీసుకొచ్చి పైన కాపలా కూర్చోబెడతాయి. మరి నిజంగానే ఎవరూ చూడకపోతే? ఆ ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

నేను వృత్తిరీత్యా కంప్యూటర్ల మనిషిని. ఈ ప్రశ్న గురించి నాకు కాస్త తెలివిడి కలిగింది మాత్రం ఒక నాలుగు చక్రాల బండి వెనక బ్రేకు దగ్గర. బ్రేకు డ్రమ్ము మీద వ్యాసమా అని పేజీ తిప్పెయ్యకండి. స్కూటరు ఎక్కిన ప్రతివాళ్ళూ, కనీసం వెనక సీటు మీద కూర్చున్న ప్రతివాళ్ళూ, ఈ డ్రమ్ముకి ఎంతో కొంత బాకీ ఉన్నవాళ్ళే.

అమెరికా పల్లెల్లో ఏటీవీ అని ఒక బండి కనిపిస్తుంది. ఎలాంటి నేల మీదైనా పోగలదని దానికా పేరు. మోటారు సైకిలు లాంటి హాండిలు, కాళ్ళు చెరోవైపు వేసి కూర్చునే సీటు, కింద బూరెల్లా ఉబ్బిన నాలుగు టైర్లు. కంచెలు చూసుకోడానికి, పశువులకి మేత మొయ్యడానికి, వేటకి వెళ్ళడానికి, ఏ పనీ లేకపోతే ఊరికే దుమ్ము రేపుకుంటూ తిరగడానికి వాడతారు. మన ట్రాక్టరుకీ, టీవీఎస్ మోపెడ్‌కీ మధ్య పుట్టిన పిల్ల అనుకోండి.

దీనికో చరిత్ర ఉంది. 1970లో హోండా వాళ్ళు అమెరికాలో మూడు చక్రాల బండి ఒకటి అమ్మడం మొదలుపెట్టారు. అది జనానికి తెగ నచ్చింది. మూడు చక్రాలే కావడంతో మలుపుల్లో తిరగబడేది కూడా. పిల్లలతో సహా ఎందరో చనిపోయాక, 1988లో పెద్ద కంపెనీలన్నీ ప్రభుత్వంతో కోర్టు ఒప్పందం చేసుకుని కొత్త మూడు చక్రాల బళ్ళు అమ్మడం మానేశాయి. అప్పటి నుంచి నాలుగు చక్రాలవే. అయితే అప్పటికే అమ్ముడుపోయిన పాతవి షెడ్లలోంచి షెడ్లలోకి చేతులు మారుతూనే ఉన్నాయి. ఏ ఒప్పందమైనా కొత్త సరుకు అమ్మే కంపెనీ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఆ తరవాత అమ్మేవాళ్ళు మీలాంటి, నాలాంటి మామూలు మనుషులు. వాళ్ళకి ఒప్పందాలుండవు, ఇంట్లో పడి ఉన్నదాన్ని వదిలించుకోవాలన్న తొందర తప్ప.

మేం నలుగురు స్నేహితులం కలిసి కొన్నేళ్ళ కిందట తూర్పు టెక్సస్‌లో 12 ఎకరాలు కొన్నాం. వ్యవసాయం చేసే ధైర్యం ఎవరికీ లేదు. ఎకరాల్లో మాట్లాడే సరదా మాత్రం మనవాళ్ళకి ఏ దేశం వెళ్ళినా పోదు కదా. ఆ భూమితో పాటే ఈ బండి కూడా వచ్చింది. జపాన్ తయారీ, బరువు పావు టన్ను పైమాటే. వచ్చిన వారంలోనే దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం. ఆరేళ్ళు పిల్లలు దాన్ని వానల్లో, వాగులో, ఎర్రమట్టిలో తిప్పారు. తరవాత వాళ్ళు కాలేజీలకి వెళ్ళిపోయారు. బండి షెడ్డులో మిగిలింది. అమ్మేద్దామనుకున్నాం.

కొంటానన్నది అక్కడికి దగ్గర్లోనే పశువుల్ని పెంచుకునే రైతు. కంచెల వెంట తిరిగి పశువుల్ని చూసుకొచ్చే పని వాళ్ళమ్మాయిది. ఆ అమ్మాయికి 17 ఏళ్ళు. ఇంత పెద్ద ఇంజను బళ్ళు 16 ఏళ్ళు నిండనివాళ్ళ చేతికి ఇవ్వొద్దని ఇక్కడి ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ చెప్తుంది కాబట్టి, ఆ లెక్కకి ఇబ్బంది లేదు. బేరం కుదిరింది. బేరసారాల్లో మేం ధర కొంచెం తగ్గించాం. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు.

ఇక్కడ బ్రేకు సంగతి కొంచెం చెప్పాలి.

ఈ బండికి ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు. అవి బయటికి కనిపిస్తాయి. కాస్త వంగి చూస్తే ప్యాడు ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. వెనక మాత్రం ఇరుసు మొత్తానికీ కలిపి ఒకే ఒక డ్రమ్ము. మన చేతక్ స్కూటరుకి ఉన్నలాంటిదే. ఇనుప గిన్నెలాంటి డ్రమ్ము చక్రంతో పాటు తిరుగుతుంది. దాని లోపల నెలవంకల్లాంటి రెండు బ్రేకు షూలు, వాటి వీపు మీద అతికించిన లైనింగు. కాలితో పెడలు తొక్కినా, ఎడమ చేత్తో లివరు నొక్కినా, ఒక తీగ లాగబడి, రెండు పక్కలా చదును చేసిన చిన్న ఇనుప కడ్డీ ఒకటి మెలి తిరుగుతుంది. దాన్నే క్యామ్ అంటారు. అది షూలని విడదీసి డ్రమ్ము గోడకి అదుముతుంది. వదిలెయ్యగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగేస్తాయి. ఇంతే యంత్రం.

ఇంతే అన్నాను గానీ, అది మోసే భారం చిన్నది కాదు. మనిషితో కలిపి సుమారు 340 కిలోల బరువు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆపితే, ఆ ఊపంతా వేడిగా మారాలి. ఆ వేడితో 60 మిల్లీలీటర్ల చన్నీళ్ళని మరిగించవచ్చు. అంటే ఇరానీ చాయ్ కప్పులో సగం పైగా. ముందు బ్రేకులూ వెనక బ్రేకూ ఆ పనిని పంచుకుంటాయి. కానీ వాలులో బండిని నిలబెట్టి గేటు తియ్యడానికి దిగినప్పుడు, పావు టన్ను ఇనుముని మీదకి దొర్లకుండా పట్టి ఉంచేది వెనకున్న ఆ ఒక్క డ్రమ్మే. ఆ పట్టు లోపల ఎలా ఉందో బయటికి కనిపించదు. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత పుట్టించినవాళ్ళు బ్రేకు డ్రమ్ము చూడలేదు గానీ, చూసుంటే ఇంకెక్కడా ఉదాహరణ వెతుక్కునేవాళ్ళు కాదు.

తయారు చేసినవాళ్ళు ఈ ఇబ్బంది ఊహించి రెండు చిన్న కిటికీలు పెట్టారు. ఒకటి, బయట ఒక బాణం గుర్తు. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు ఆ బాణం మూత మీదున్న గీత దగ్గరికి వచ్చిందంటే షూలు అరిగిపోయినట్టు. రెండోది, డ్రమ్ము అడుగున ఒక చిన్న బిరడా. తీసి చూస్తే లోపలికి నీళ్ళు చేరాయో లేదో తెలుస్తుంది. శనివారం పొద్దున బండిని శుభ్రంగా కడిగాక రెండూ చూశాం. బాణం గీత దాకా ఇంకా రాలేదు. బిరడా తియ్యగానే మాత్రం కాఫీ డికాక్షన్ రంగులో నీళ్ళు కారాయి.

నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అసలు చర్చ అక్కడ మొదలైంది.

మాలో ఒకాయన అకౌంటెంటు. "ధర తగ్గించే ఇస్తున్నాం కదా. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని కాయితం మీద రాసుకుందాం. అతను రైతు. మనకన్నా బళ్ళ సంగతి బాగా తెలిసినవాడు. కావాలంటే అతనే విప్పి చూసుకుంటాడు. పైగా బాణం గీత దాకా రాలేదు" అన్నాడు. ఇందులో తప్పు పట్టడానికి పైకి ఏమీ లేదు. ఇద్దరు పెద్ద మనుషుల మధ్య, ఎవరి బలవంతమూ లేకుండా కుదిరిన బేరం.

ఇంకొకాయన రియల్ ఎస్టేటులో ఉన్నాడు. ఆయన వాదన ఇంకా పదునైంది. "మనం మెకానిక్కులం కాదు గురూ. విప్పి బిగించామంటే, రేపేదైనా జరిగితే వీళ్ళే కెలికారంటారు. ముట్టుకోకపోతే మనకి సంబంధం లేదు. అసలు విప్పకపోతే లోపల ఏముందో మనకి తెలియదు. తెలియనిదానికి మనం ఎలా బాధ్యులం?"

ఈ చివరి మాటని నేను తేలిగ్గా తీసెయ్యలేకపోయాను. మన రోజువారీ నీతిలో సగం దీని మీదే నడుస్తోంది. తెలిసి చేస్తే పాపం, తెలియక చేస్తే పొరపాటు. మరి తెలుసుకునే వీలుండీ, పానా చేతిలో ఉండీ, తెలుసుకోకుండా ఉండిపోతే అది ఏ పద్దులోకి వస్తుంది?

దీని మీద ఒక పాత వ్యాసం ఉంది. విలియం కింగ్‌డన్ క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో రాశాడు. పేరు "ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్". నమ్మడంలో కూడా నీతీ అవినీతీ ఉంటాయన్నది అందులో విషయం. ఆయన ఒక ఓడ యజమాని కథ చెప్తాడు. ఓడ పాతది, ఎన్నోసార్లు మరమ్మతులైనది. పంపే ముందు యజమానికి అనుమానం వచ్చింది. విప్పి బాగు చేయిస్తే బోలెడు ఖర్చు. అందుకని ఆయన తన మనసుకి తనే నచ్చజెప్పుకున్నాడు: ఇన్ని తుఫాన్లు దాటొచ్చిన ఓడ ఇదొక్కటీ దాటదా, దైవం చూసుకోదా అని. చివరికి మనస్ఫూర్తిగా నమ్మాడు. ఓడ నడిసముద్రంలో మునిగింది. ఆయన ఇన్సూరెన్సు డబ్బు తీసుకుని ఊరుకున్నాడు. ఆ యజమాని నమ్మకం నిజాయితీగలదే కావచ్చు, కానీ చూడకుండా నమ్మే హక్కు ఆయనకి లేదంటాడు క్లిఫర్డ్. ఓడ క్షేమంగా తీరం చేరినా ఆ తప్పు తప్పేనంటాడు, బయటపడి ఉండేది కాదు, అంతే.

ఆ ఓడలో ఎక్కినవాళ్ళెవరో కూడా క్లిఫర్డ్ చెప్పాడు. పుట్టిన దేశం వదిలి, ఇంకోచోట మంచి బతుకు దొరుకుతుందని బయల్దేరిన కుటుంబాలు. అంటే మనవాళ్ళే. పరాయి దేశం వచ్చే ప్రతి మనిషీ తను విప్పి చూడలేని వాటి మీద బరువంతా వేసి వస్తాడు. ఏజెంటు మాట, కంపెనీ కాయితం, విమానం రెక్క. అలా వచ్చినవాళ్ళం, మన దగ్గర ఒకరు బండి కొంటున్నప్పుడు "తెలియదు కదా" అనడం నాకు మింగుడు పడలేదు. కాఫీ రంగు నీళ్ళు కళ్ళతో చూశాక ఇంక అది తెలియకపోవడం కాదు, తెలుసుకోకూడదని కూర్చోవడం.

అయినా అకౌంటెంటు మిత్రుడి వాదన మిగిలే ఉంది. నిజం చెప్పేద్దాం, బాగుచెయ్యక్కర్లేదు, ధరే తగ్గిద్దాం. ఇది న్యాయంగానే వినిపిస్తుంది. దీని మీద కాసేపు కూర్చుని ఆలోచిస్తే రెండు చిక్కులు కనిపిస్తాయి. మొదటిది, లోపల ఏముందో చూడకుండా ఏ నిజం చెప్తాం? "బ్రేకులు ఒకసారి చూసుకోండి" అనడం నిజం చెప్పినట్టూ కాదు, చెప్పనట్టూ కాదు. రేపు మనల్ని మనం కాపాడుకోడానికి పనికొచ్చే మాట, అంతే. రెండోది ఇంకా పెద్దది. ధర తగ్గింపు తండ్రి జేబులోకి వెళ్తుంది. ప్రమాదం కూతురి కాలి కిందకి వెళ్తుంది. బేరం ఆడినవాడు ఒకడు, బ్రేకు తొక్కేది ఇంకొకరు. తన తరఫున ఎంత డబ్బుకి ఎంత అపాయం కొన్నారో ఆ అమ్మాయికి తెలియదు. ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం మూడో మనిషి ప్రాణానికి చెల్లు చీటీ కాదు.

మాలో నాలుగో ఆయన అందరికన్నా పెద్ద. అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. ఆయన 1998లో వై-టూ-కే పని మీద ఈ దేశం వచ్చారు. ఆ రోజుల్లో మనవాళ్ళు వేలమంది అలాగే వచ్చారు. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా వెతికి, నాలుగంకెలు చెయ్యడం. ఏడాదిన్నర పాటు ఒక ఇన్సూరెన్సు కంపెనీ నేలమాళిగలో అదే పని. 2000 జనవరి 1 వచ్చింది. చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. "అంతా ఉత్తిదే, కంప్యూటర్లవాళ్ళు డబ్బుల కోసం భయపెట్టారు" అని జనం నవ్వుకున్నారు. ఆ నవ్వే తమకి ఇచ్చిన సర్టిఫికెట్టు అని ఆయన అంటూ ఉంటారు. ఆ రోజు కూడా అదే గుర్తు చేసి, "జరగకుండా ఆపిన పనికి సాక్ష్యం ఉండదు నాయనా. పానాలు తీసుకురండి" అన్నారు.

ఇక పని. మాట్లాడుకోవలసినదంతా ఆ వివరాల్లోనే ఉంది కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తాను.

బండిని చదును నేల మీద పెట్టి, ముందు చక్రాలకి చెక్కముక్కలు అడ్డం వేసి, వెనక భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టాం. ఒట్టి జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టకూడదు. చక్రం ఊడదీస్తే హబ్బు, హబ్బుని పట్టి ఉంచే పెద్ద నట్టు, ఆ నట్టు వదులు కాకుండా అడ్డంగా గుచ్చిన కాటరు పిన్ను. పాత పిన్నుని మళ్ళీ సాగదీసి వాడకూడదు. పారేసి కొత్తది వెయ్యాలి. ఏళ్ళ తుప్పుతో హబ్బు ఇరుసు పళ్ళని గట్టిగా పట్టేసింది. రబ్బరు సుత్తితో చుట్టూ తడుతూ, మధ్యలో ఒక కాఫీ తాగి వచ్చి మళ్ళీ తడితే, అప్పుడు కదిలింది. ఆ వెనక డ్రమ్ము మూత, దాని చుట్టూ రబ్బరు సీలు.

మూత తియ్యగానే ఎర్రమట్టి ముద్ద. సీలు ఒకచోట చీలి ఉంది. రెండు షూలలో ఒకదాని లైనింగు ఒక మూల ఇనుముని వదిలేసి పైకి లేచింది, చెమ్మ గోడ మీద అంటించిన క్యాలెండరు కాయితంలాగా. లైనింగు మందం మాత్రం ఇంకా బాగానే ఉంది. బయటి బాణం చెప్పింది అబద్ధం కాదు. అది అరుగుదలని కొలుస్తుంది, అతుకు వదలడం దానికి తెలియదు. ఆ ముక్క పూర్తిగా ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటే వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఊడి పక్కకి పడిపోతే పెడలు తొక్కినా పట్టు దొరక్కపోవచ్చు. అకౌంటెంటు మిత్రుడు ఆ షూని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. దీపం మాత్రం ఇంకొంచెం దగ్గరగా పట్టుకున్నాడు.

లోపలి దుమ్ముని నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదకూడదు. బ్రేకు లైనింగుల్లో దశాబ్దాల పాటు ఆస్బెస్టాస్ కలిపేవారు. మన సిమెంటు రేకుల్లో ఉండే రాతినారే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ళ తరవాత క్యాన్సరుగా తేలవచ్చు. విడిగా అమ్మే బ్రేకు లైనింగులతో సహా క్రిసోటైల్ ఆస్బెస్టాస్ వాడకాన్ని నిషేధిస్తూ ఇక్కడి పర్యావరణ సంస్థ నిబంధన తెచ్చింది 2024 మార్చిలో మాత్రమే. పాత బండిలో ఎవరు ఎప్పుడు ఏ షూ వేశారో చూసి చెప్పలేం. కాబట్టి ఉందనుకునే జాగ్రత్తపడాలి. ముక్కుకి మాస్కు కట్టుకుని, తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో మూట కట్టాం.

ఆ దుమ్ము తుడుస్తుంటే నాకు విజయవాడ పటమటలో మా వీధి చివర స్కూటర్ల షాపు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మా ఇళ్ళలో పిల్లల్ని బెదిరించే మాట ఒకటుండేది: "చదువుకోకపోతే మెకానిక్ షాపులో పడేస్తా, పానాలు తిప్పుకుంటావు." ఆ షాపులో పానాలు తిప్పే కుర్రాడికి పదకొండో పన్నెండో ఏళ్ళుంటాయి. మా నాన్నగారి చేతక్ చక్రం విప్పి, డ్రమ్ములోకి నోటితో గట్టిగా ఊది, లైనర్లని ఉప్పు కాగితంతో రుద్ది బిగించేవాడు. ఆ స్కూటరు మీద అమ్మా, నాన్నా, నేనూ బందరు రోడ్డు మీద లారీల మధ్య తిరిగేవాళ్ళం. మేం క్షేమంగా ఇల్లు చేరిన ప్రతి సాయంత్రంలోనూ ఆ కుర్రాడి వాటా ఉంది. అతని పని సరిగ్గా ఉందో లేదో మా నాన్నగారు ఎన్నడూ విప్పి చూడలేదు. చూసినా తెలిసేది కాదు.

ఈ దేశంలో తలుపు తీసి చూడని పనులు మనం చేస్తున్నాం. ఆ దేశంలో మన కోసం వాళ్ళు చేశారు. మన చదువులు మనకి చేతికి మసి అంటకుండా బతకడం నేర్పాయి. మసి అంటిన చేతుల మీద మన ప్రాణాలు ఎంతగా ఆధారపడి ఉన్నాయో మాత్రం నేర్పలేదు. 2016లో చట్టాన్ని సవరించి, కుటుంబ పనుల్లాంటి కొన్ని మినహాయింపులతో, 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టడాన్ని నిషేధించారు. మంచిదే. కానీ ఆ కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినది ఏ చట్టం సవరించినా వెనక్కి రాదు.

మళ్ళీ డ్రమ్ము దగ్గరికి వస్తాను. షూలు మార్చాలని తేలిపోయింది. సీళ్ళు కూడా. మరి డ్రమ్ము? రియల్ ఎస్టేటు మిత్రుడికి అప్పటికి ఉత్సాహం వచ్చేసింది. "ఇంత చేశాక డ్రమ్ము మాత్రం పాతదెందుకు, అదీ కొత్తది వేసేద్దాం" అన్నాడు. పొద్దున అసలు ముట్టుకోవద్దన్న మనిషి ఇతనే. ఎవరూ చూడని పని మొదలుపెట్టాక ఈ రెండో ప్రమాదం వస్తుంది. ఎక్కడ ఆపాలి?

అదృష్టం కొద్దీ ఈ ప్రశ్నకి యంత్రం దగ్గర జవాబుంది. డ్రమ్ము లోపలి వ్యాసం ఎంతదాకా పెరగవచ్చో దాని మీదే అచ్చు పోసి ఉంటుంది. ఇలాంటి డ్రమ్ముల్లో కొత్తదానికన్నా సుమారు ఒక మిల్లీమీటరు ఎక్కువ దాకా, అంతే. కొలిచి చూశాం. హద్దు లోపలే ఉంది. గీతలూ, పగుళ్ళూ లేవు. కాబట్టి డ్రమ్ము పాతదే ఉంచాం. ఇందులో పిసినారితనం లేదు. నాకు ఆ అంకె మీద గౌరవం కలిగింది. మన మనస్సాక్షి అనేది కొలత లేని పరికరం. బద్ధకంగా ఉన్న రోజు ఇంతే చాలంటుంది, ఊపు మీదున్న రోజు ఎంత చేసినా చాలదంటుంది. ఆ అచ్చు పోసిన అంకె రెండింటినీ అదుపులో పెడుతుంది. "చాలు" అన్న మాట మన ఓపికని బట్టి కాకుండా, బండెక్కేవాళ్ళ అవసరాన్ని బట్టి తేలాలని చెప్తుంది.

కొత్త షూలకి స్ప్రింగులు తగిలించి, పుస్తకం విప్పినట్టు విప్పి పట్టుకుని, క్యామ్ మీదా పిన్ను మీదా కూర్చోబెట్టాం. క్యామ్‌కి గ్రీజు గోరంత. ఎక్కువ పెడితే వేడికి కరిగి లైనింగు మీదకి పాకుతుంది. గ్రీజు వేలితో లైనింగు ముట్టుకోకూడదు. బ్రేకు చెయ్యి మీదున్న చుక్కా, క్యామ్ కడ్డీ మీదున్న చుక్కా ఎదురెదురుగా రావాలి. మూత బోల్టులు ఒకేపక్క బిగించుకుంటూ పోకుండా ఎదురెదురువి వంతుల వారీగా, పుస్తకంలో చెప్పినంత బిగువుతో. చివరికి తీగ సర్దడం. పెడలుకీ లివరుకీ 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలని ఆ బండి పుస్తకం చెప్తుంది. ఖాళీ మరీ తక్కువైతే షూలు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతాయి. ఎక్కువైతే అవసరమైన క్షణానికి అందవు. ఇవేవీ మూత పెట్టాక కనిపించేవి కావు.

అన్నీ అయ్యాక పెద్దాయన బండెక్కి షెడ్డు ముందు మెల్లగా పది గజాలు పోనిచ్చి ఆపారు. మళ్ళీ పోనిచ్చి ఆపారు. తరవాత వాలులో నిలబెట్టి, బ్రేకు తాళం వేసి దిగారు. బండి కదల్లేదు. షూలూ, సీళ్ళూ, పిన్నూ కలిపి 90 డాలర్ల లోపే అయింది. ఒక శనివారం పోయింది.

మొదట్లో అడిగిన ప్రశ్నకి ఇప్పుడు నాకు తోచిన జవాబు చెప్తాను. ఎవరు చూస్తారన్న దగ్గర మొదలుపెడితే మనం ఎప్పటికీ కాపలావాళ్ళని వెతుక్కుంటూనే ఉంటాం. దేవుడు, ఆడిటరు, పక్కింటాయన, చివరికి మన అంతరాత్మ. చూసే కన్ను పనికి కొలత కాదు. తొక్కే కాలు కొలత. కాలికి కళ్ళుండవు. లోపల ఏముందో అడగదు. ఆగుతుందని నమ్మి బరువు వేసేస్తుంది. ఆ బరువుని మొయ్యగలిగినంత బాగా చెయ్యాలి. అంతకన్నా తక్కువైతే మోసం, ఎంతో ఎక్కువైతే మన ముచ్చట. నేను రాసే ప్రోగ్రాము మీద ఒక ఆస్పత్రి బిల్లో, ఒక ముసలాయన పెన్షనో ఆధారపడి ఉన్నప్పుడు కూడా ఇదే కొలత పనికొస్తుందనుకుంటున్నాను. వాళ్ళు నా కోడు చదవరు. దాని మీద బతుకుతారు.

ఆదివారం రైతు వచ్చాడు. ఊడిన లైనింగుతో ఉన్న పాత షూని, సామాను రశీదుని, ఏం మార్చామో ఏం మార్చలేదో రాసిన ఒక కాయితాన్ని ఆయన చేతికిచ్చాం. ముందు బ్రేకులు మేం విప్పలేదని కూడా రాశాం. మేం మెకానిక్కులం కామని, ఒకసారి తెలిసినవాళ్ళకి చూపించుకోమని చెప్పాం. ఆయన షూని అటూ ఇటూ తిప్పి చూసి పికప్పు ట్రక్కులో పడేశాడు. టైర్లు తన్ని చూశాడు. బ్యాటరీ ఎప్పటిదని అడిగాడు. ముందనుకున్న ధరే ఇచ్చి, థాంక్స్ చెప్పి, బండి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయిని మేం చూడనే లేదు.

మా అకౌంటెంటు మిత్రుడు ఇప్పటికీ సరదాగా గుర్తు చేస్తుంటాడు, ఆ బేరంలో మనకి 90 డాలర్లూ ఒక శనివారమూ నష్టమని. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే. ఆ లెక్క పుస్తకంలో ఆ అమ్మాయికి ఒక పద్దు లేదు, అంతే.